వయసుతో గుల్లబారే ఎముక: జన్యువు నుంచి మొదలుపెట్టాలా, కణం నుంచా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. సూర్యాపేట దగ్గరి పల్లెలో ఉండే మీ అమ్మమ్మ గారు అరవై ఎనిమిదో ఏట స్నానాల గదిలో జారిపడితే తుంటి విరిగింది. ఆవిడ తల్లికి కూడా దాదాపు ఆ వయసులోనే తుంటి విరిగి, ఆ తర్వాత ఆమె మంచం దిగలేదు. హైదరాబాద్‌లో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ పూర్తి చేస్తున్న మీరు, వయసు మీద పడ్డాక ఎముకలు గుల్లబారడానికి కణాల్లో, జన్యువుల్లో ఉన్న కారణాలపై పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు. మొదట కుటుంబ సభ్యుల జీనోమ్ సీక్వెన్స్ చేయించాలా (అంటే వారి డీఎన్‌ఏ మొత్తాన్ని చదివించాలా), లేక ప్రయోగశాలలో ఎముక కణాలు పెంచి చూడాలా అని అడిగారు.

చాలా ఏళ్లుగా ఎముక కణాలతో పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ రెండింటికీ ముందు, ఎవరి ఎముకకు ఏమైందో తేల్చుకోవాలి. ఆ తర్వాత ఎటు నుంచి వెళ్లినా ఫరవాలేదు గానీ, ఒక జన్యువు పేరు దొరకగానే కారణం దొరికిందనుకోకూడదు. ఆ జన్యువు ఏ కణంలో, ఏ వయసులో, ఏ పనిని పెంచిందో లేదా తగ్గించిందో చూపించగలిగినప్పుడే దాన్ని కారణం అనగలం. ఈ రంగంలో మందుల దాకా వెళ్లిన ఆవిష్కరణలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవే.

ఏమైందో తేల్చుకోవాలని అనడానికి మీ ఊరే కారణం. ఉమ్మడి నల్లగొండ జిల్లా అనగానే ఎముకలపై పనిచేసే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది తాగునీటిలోని ఫ్లోరైడ్. తెలుగు నేలపై అస్థి ఫ్లోరోసిస్‌ను 1937లోనే, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి నమోదు చేశారు. 1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే శాస్త్రవేత్తలు, ఫ్లోరోసిస్ ప్రబలిన ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడమూ ఎముకలు గుల్లబారడమూ కలిసి కనిపిస్తున్నాయని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఫ్లోరైడ్ చేరిన ఎముకలో, ముఖ్యంగా వెన్నులో, ఎముక సాంద్రతను ఎక్స్‌రేలతో కొలిచే డెక్సా స్కాన్ ఆ సాంద్రతను ఎక్కువగా చూపిస్తుంది. ఎముక మాత్రం పెళుసుగా ఉంటుంది. ఇది అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో కళ్లకు కట్టినట్టు రుజువైంది. ముట్లు ఆగిన 202 మంది స్త్రీలతో నాలుగేళ్లు నడిపి 1990లో ప్రచురించిన ఆ పరీక్షలో, సోడియం ఫ్లోరైడ్ తీసుకున్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది, కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, పైగా వెన్నెముకేతర ఎముకలు విరగడం పెరిగింది. కాబట్టి మీ ప్రాంతంలో వందమంది వృద్ధులకు డెక్సా తీయించి, ఆ అంకెను జన్యువులతో పోల్చితే, మీరు వెతికేది వారి వంశంలో ఉన్నదో వారి బోరుబావిలో ఉన్నదో మీకే తెలియదు.

ఫ్లోరైడ్ తర్వాత చూడవలసింది విటమిన్ డి లోపం. మన దగ్గర ఇంత ఎండ ఉన్నా ఆ లోపం విస్తృతంగా ఉంది. లోపం తీవ్రమైతే వచ్చే ఆస్టియోమలేషియాలో ఎముక పరిమాణం తగ్గడం కన్నా, ఏర్పడిన ఎముకలో ఖనిజం సరిగా చేరకపోవడం అసలు సమస్య. డెక్సా ఈ రెండింటినీ ఒకే తక్కువ అంకెగా చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించిన మైనస్ 2.5 టీ స్కోరు (ఆరోగ్యవంతులైన యువజనుల సగటుతో పోల్చే అంకె) అనే హద్దు ఎముక ఎంత తక్కువగా ఉందో చెబుతుంది గానీ, ఎందుకు తక్కువగా ఉందో చెప్పదు. సీరం కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోన్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, మూత్రంలో ఫ్లోరైడ్, తాగే నీటిలో ఫ్లోరైడ్, ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్ మాత్రల వివరం, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు, వయసు మళ్లినవారిలో మైలోమా అనే మూలుగ క్యాన్సర్ లేదని నిర్ధారించే ప్రోటీన్ ఎలక్ట్రోఫొరెసిస్: ఇవన్నీ లేని నమూనాను నేనైతే జన్యు అధ్యయనంలోకి తీసుకోను. ఇది వైద్యుల పని కదా అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అధ్యయనం నిలబడేదీ కూలేదీ ఇక్కడే గనుక, ఇది పరిశోధకుడి పని కూడా.

ఇక కణాల విషయం. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదో వంతు కరిగిపోయి, దాని స్థానంలో కొత్త ఎముక ఏర్పడుతూ ఉంటుంది. కరిగించే కణం ఆస్టియోక్లాస్ట్, కొత్తగా పోసే కణం ఆస్టియోబ్లాస్ట్. ఆస్టియోబ్లాస్టుల్లో కొన్ని తాము పోసిన ఎముకలోనే చిక్కుకుపోయి ఆస్టియోసైట్లుగా మారతాయి. ఎముకలోని కణాల్లో తొంభై శాతానికి పైగా ఇవే. సన్నని కాలువల్లో కొమ్మలు చాచి ఒకదానితో ఒకటి సంబంధం పెట్టుకుని, ఎముకపై పడే బరువును పసిగట్టి, ఎక్కడ కరిగించాలో ఎక్కడ పోయాలో మిగతా రెండు రకాల కణాలకు సంకేతాలు పంపేవి ఇవే. ఒక చోట కరిగించే పని కొన్ని వారాల్లో పూర్తవుతుంది. అక్కడ తిరిగి నింపడానికి నెలలు పడుతుంది. ఈ జమాఖర్చులో ఖర్చు పెరిగినా, జమ తగ్గినా చివరకు ఎముక తరిగే పోతుంది. అయితే ఈ రెండూ ఒకే జబ్బు కావు. ముట్లు ఆగిన తర్వాతి కొన్నేళ్లలో స్త్రీలకు ప్రధానంగా జరిగేది మొదటిది. డెబ్బై దాటిన స్త్రీ పురుషులిద్దరిలోనూ రెండోది బరువెక్కుతుంది. వయసు అన్నది ఎందుకంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది: యాభై అయిదేళ్ల వారినీ, ఎనభై ఏళ్ల వారినీ ఒకే గుంపుగా లెక్కలో పెడితే, రెండు వేర్వేరు కారణాలు కలగలిసి ఏదీ బయటపడదు.

ఆస్టియోక్లాస్టులు ఎముక నుంచి పుట్టవు. అవి రక్తకణాల సంతతి, మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలకు దాయాదులు. ఎముకలు కరగక గట్టిపడిపోయే ఆస్టియోపెట్రోసిస్ అనే పుట్టు వ్యాధి ఉన్న ఎలుకలకు ఆరోగ్యవంతమైన ఎలుకల ప్లీహం, మూలుగ కణాలు ఇస్తే ఆ జబ్బు తగ్గుతుందని 1970లలోనే తేలింది. నేడు అదే జబ్బున్న పిల్లలలో చాలామందికి మూలుగ మార్పిడి చేస్తున్నది కూడా అందుకే. ఈ ఒక్క సంగతి తెలిసి ఉండడం వల్ల పరిశోధకుడికి ఎంత సౌలభ్యమో చూడండి: రోగి చేతి నుంచి తీసిన కొద్దిపాటి రక్తంతోనే ఆ మనిషి ఆస్టియోక్లాస్టులను ప్లేటులో తయారుచేసుకోవచ్చు.

ఆ రక్తకణం ఆస్టియోక్లాస్టుగా మారడానికి కావలసిన సంకేతాన్ని కనిపెట్టిన తీరును ప్రతి విద్యార్థీ శ్రద్ధగా చదవాలని నా కోరిక. 1997లో ఆమ్జెన్ అనే అమెరికా ఔషధ సంస్థ పరిశోధకులు, పని తెలియని ఒక ప్రోటీన్‌ను ఎలుకల్లో ఎక్కువగా తయారయ్యేలా చేసి చూస్తే, వాటి ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపించాయి. ఎముకను కాపాడేది గనుక దానికి ఆస్టియోప్రొటెజెరిన్ అని పేరు పెట్టారు. ఆ ప్రోటీన్ దేనిని పట్టుకుని అడ్డుకుంటోందని వెతికితే, మరుసటి ఏడాది అమెరికాలోనూ జపాన్‌లోనూ వేర్వేరు బృందాలకు ఆ సంకేత ప్రోటీన్, ర్యాంక్ లైగాండ్, దొరికింది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గితే దాని ప్రభావం పెరుగుతుందని, దాన్ని యాంటీబాడీతో అడ్డుకుంటే ఎముక నిలుస్తుందని తేలి, 2010లో డెనోసుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందును హఠాత్తుగా ఆపితే కరిగే పని ఒక్కసారిగా ఎగసి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉందని తర్వాత గమనించారు. కణం పనితీరు ముందే తెలిసి ఉండబట్టి, ఆ ప్రమాదం ఎందుకు వస్తోందో వెతకడానికి చోటు దొరికింది.

జన్యువుల వైపు చూస్తే, అత్యంత ఫలవంతమైన దారి సాధారణ వృద్ధుల నుంచి కాక, అరుదైన కుటుంబాల నుంచి వచ్చింది. అమెరికాలో ఒక కుటుంబంలో కొందరికి ఎముకలు అసాధారణంగా దట్టంగా ఉన్నాయని గమనించి, ఆ లక్షణం పదకొండో క్రోమోజోములో ఒక ప్రాంతంతో ముడిపడి ఉందని 1997లో చూపించారు. అదే ప్రాంతం, పూర్తిగా వ్యతిరేక లక్షణమున్న మరో జబ్బుకూ సంబంధించినదని అప్పటికే తెలుసు: బాల్యంలోనే చూపు పోయి, ఎముకలు గుల్లబారి విరిగిపోయే సిండ్రోమ్ అది. 2001లో ఆ జబ్బులో ఎల్‌ఆర్‌పీ5 అనే జన్యువు పనిచేయడం లేదని తేలింది. 2002లో దట్టమైన ఎముకల కుటుంబంలో అదే జన్యువులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారి, దాన్ని అణచవలసిన ప్రోటీన్లు అణచలేకపోతున్నాయని తేలింది. ఒకే జన్యువు, రెండు దిశలు. ఆస్టియోబ్లాస్టులకు పని చెప్పే వింట్ సంకేత మార్గం ఇలా వెలుగులోకి వచ్చింది. దాదాపు ఆ రోజుల్లోనే, దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో కనిపించే, ఎముకలు మితిమీరి దట్టమయ్యే స్క్లెరోస్టియోసిస్ అనే జబ్బులో ఎస్‌ఓఎస్‌టీ జన్యువు పనిచేయకుండా పోయిందని 2001లో కనుగొన్నారు. ఆ జన్యువు తయారుచేసే స్క్లెరోస్టిన్ ప్రధానంగా ఆస్టియోసైట్ల నుంచి వెలువడి వింట్ మార్గాన్ని అణచి ఉంచుతుంది; ఎముకపై బరువు పడితే దాని ఉత్పత్తి తగ్గుతుంది. దీన్ని అడ్డుకునే రోమోసోజుమాబ్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, గుండెపోటు, పక్షవాతం ముప్పు గురించిన హెచ్చరికతో సహా. జన్యువు, కణం, దిశ మూడూ కుదిరినప్పుడు ఇరవై ఏళ్లలోపే ఒక మందు ఎలా వస్తుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

దీనికి పూర్తి విరుద్ధమైన కథ విటమిన్ డి గ్రాహకం జన్యువుది. అందులోని సాధారణ తేడాలతోనే ఎముక సాంద్రతను చాలావరకు ఊహించవచ్చని 1994లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వెంటనే ప్రపంచమంతా అదే తేడాలను తమ తమ రోగుల్లో పరీక్షించడం మొదలుపెట్టింది. మన దేశంలోనూ ఎన్నో చిన్న చిన్న అధ్యయనాలు వెలువడ్డాయి. మూల వ్యాసం రచయితలే 1997లో తమ జన్యు పరీక్షల్లో పొరపాట్లు జరిగాయని సవరణ ప్రకటించారు. 2006లో యూరప్ బృందాలు 26 వేల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, ఎక్కువగా పరీక్షించిన తేడాలకు ఎముక సాంద్రతతో గానీ విరుగుళ్లతో గానీ సంబంధం కనిపించలేదు. ఈనాటికీ వంద మంది రోగులు, వంద మంది ఆరోగ్యవంతులు, ఒక్క జన్యువు అన్న పథకంతో నా దగ్గరకు వచ్చే విద్యార్థులున్నారు. వారిని నేను గట్టిగానే వారిస్తాను, ఎందుకంటే ఆ సంఖ్యతో వచ్చే అనుకూల ఫలితం కూడా నమ్మదగినది కాదు.

ఇప్పుడు సాధారణ వృద్ధుల్లో జన్యువులను వెతికే పద్ధతి లక్షల మందిపై జరిగేది. ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాలో సగానికి పైగా వంశపారంపర్యమని కవలల, కుటుంబాల అధ్యయనాలు చెబుతున్నాయి. 2012లో డెక్సా సాంద్రతకు సంబంధించిన 56 జన్యు స్థానాలు ప్రచురితమయ్యాయి. బ్రిటన్ బయోబ్యాంకులో నాలుగు లక్షల మందికి పైగా మడమకు తీసిన అల్ట్రాసౌండ్ కొలతలతో ఆ తర్వాత ఆ సంఖ్య 518కి చేరింది. ఇన్ని స్థానాలు కలిసి వివరించగలిగింది ఆ కొలతలోని తేడాలో అయిదో వంతు మాత్రమే. వీటిలో అధిక భాగం ప్రోటీన్‌ను మార్చే చోట కాక, జన్యువుల మధ్య ఉన్న ప్రాంతాల్లో ఉన్నాయి. దగ్గరలో ఉన్న జన్యువే కారణమని అనుకోవడం చాలాసార్లు తప్పవుతుంది. అందువల్ల ఆ స్థానంలో డీఎన్‌ఏ ఏ కణంలో తెరుచుకుని ఉంది, అది ఏ జన్యువు దగ్గరకు ముడుచుకుని తాకుతోంది, డీఎన్‌ఏను కోసే క్రిస్పర్ పద్ధతితో ఆ ముక్కను తొలగిస్తే ఆ కణం పనితీరు మారుతోందా అని వరుసగా చూడాలి. 2015లో పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్ ద్వారా ఈఎన్1 అనే జన్యువు దగ్గర అరుదైన తేడాలు దొరికాయి. అది పిండ దశలో అవయవాల అమరికకు పనికొచ్చే జన్యువుగానే అప్పటిదాకా ప్రసిద్ధం. దాన్ని ఎలుకల్లో తొలగించి చూస్తే ఎముక తగ్గి, కరిగే పని పెరిగినట్టు కనిపించింది. ఎలుక దాకా వెళ్లబట్టే ఆ ఫలితానికి విలువ వచ్చింది.

2018లో వచ్చిన విరుగుళ్ల జన్యు అధ్యయనాన్ని మన దేశానికి అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉండేలా చేసే జన్యు తేడాలున్నవారికి ఎముకలు ఎక్కువగా విరగడం లేదని అందులో తేలింది. దాన్ని పట్టుకుని విటమిన్ డి అక్కర్లేదనే మాట కొందరు రాశారు. ఆ అధ్యయనంలో ఉన్నది ఎక్కువగా యూరప్ సంతతివారు. ఆ జన్యు తేడాలు తెచ్చే మార్పు కూడా చిన్నది. అది తీవ్రమైన లోపంతో ఎముక మెత్తబడిన మన ఊరి వృద్ధురాలి గురించి ఏమీ చెప్పలేదు.

ఇక మీ కుటుంబం విషయానికి వస్తాను. తల్లికో తండ్రికో తుంటి విరిగి ఉంటే పిల్లలకు ఆ ముప్పు ఎక్కువన్నది నిజమే. ముప్పును లెక్కగట్టే ఫ్రాక్స్ సూత్రంలో ఆ ప్రశ్న ఉంటుంది కూడా. కానీ అరవై, డెబ్బైల్లో వచ్చే విరుగుడు వెనక సాధారణంగా ఉండేది వందలాది చిన్న తేడాల కూడిక. ఇద్దరు ముగ్గురి జీనోమ్‌లు చదివితే లక్షలకొద్దీ తేడాలు కనిపిస్తాయి, వాటిలో ఏది కారణమో చెప్పే దారి ఉండదు. పైగా ఆ ఇద్దరూ ఒకే బావి నీళ్లు తాగి, ఒకే వంట తిన్నవారు. చిన్న వయసులోనే ఎముకలు విరగడం, కారణం లేకుండా మగవారిలో వెన్నుపూసలు కుంగడం, కంటి తెల్లగుడ్డు నీలిగా ఉండడం, పుట్టుకతో చూపు లేకపోవడం వంటివి కుటుంబంలో ఉంటే అప్పుడు సీక్వెన్సింగ్ ఆలోచించండి. పీఎల్ఎస్3, వింట్1 జన్యువుల పాత్ర 2013లో బయటపడింది అలాంటి కుటుంబాల వల్లనే.

ఈ కోణంలో తెలుగు ప్రాంతానికి ఉన్న ప్రత్యేకతను మన పరిశోధకులు ఇంకా పూర్తిగా వాడుకోలేదని నా అభిప్రాయం. మనలో మేనరికాలు ఉన్నాయి, తరతరాలుగా కులంలోనే జరిగే పెళ్లిళ్లు ఉన్నాయి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలు, ఫిన్లాండ్ వారి కన్నా, అష్కెనాజీ యూదుల కన్నా తీవ్రంగా కొద్దిమంది పూర్వీకుల నుంచి దిగివచ్చినవని తేలింది. అంటే ఒక్కో సమూహంలో ఒక్కో అరుదైన అంతర్గత లక్షణం (జన్యువు రెండు ప్రతులూ పాడైతేనే బయటపడేది) పోగుపడి ఉండే అవకాశముంది. ఎల్‌ఆర్‌పీ5 విషయంలో, రెండు ప్రతులూ పాడైన పిల్లవాడికి చూపు పోయి ఎముకలు విరుగుతాయి. ఒక్క ప్రతి పాడైన తల్లిదండ్రులకు చూపు బాగానే ఉన్నా ఎముక సాంద్రత తక్కువగా ఉంటుంది. నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ వంటి చోట్లకు అరుదైన జన్యు వ్యాధులున్న పిల్లలతో కుటుంబాలు వస్తుంటాయి. ఆ పిల్లల తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మల ఎముకలను కూడా పరిశీలించే అధ్యయనం ఎవరైనా చేపడితే, వయసుతో వచ్చే జబ్బుకు బలమైన జన్యు ఆధారం ఈ నగరంలోనే దొరకవచ్చు. మీ స్థానంలో నేనుంటే ఆ దారినే ఎంచుకుంటాను.

కణాల ప్రయోగాల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పీహెచ్‌డీలో ఎక్కువ కాలం గడిచేది అక్కడే. రక్తంలోని మోనోసైట్లను వేరుచేసి, ఎం సీఎస్ఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్, ర్యాంక్ లైగాండ్ కలిపిన మీడియంలో పెంచితే రెండు వారాల లోపు అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలవుతాయి. ఆస్టియోక్లాస్టులకు పట్టే ట్రాప్ రంగు వేస్తే మైక్రోస్కోపు కింద ద్రాక్షరసం రంగులో పరుచుకుని, లోపల కేంద్రకాలు గుత్తులుగా కనిపిస్తాయి. మూడు లేదా అంతకు మించి కేంద్రకాలున్న వాటినే లెక్కించాలి. లెక్క ఎక్కువ వచ్చినంత మాత్రాన ఎముక ఎక్కువగా కరుగుతోందనుకోకూడదు. పశువు ఎముక పలుచని బిళ్లలపై అవే కణాలను పెంచి, అవి తవ్విన గుంటల విస్తీర్ణాన్ని కొలవాలి. ఆస్టియోబ్లాస్టులకు మూడు వారాలు పెంచి, కాల్షియానికి పట్టే అలిజరిన్ రెడ్ రంగు వేయడం ఆనవాయితీ. ఎర్రగా కనిపించిందంతా ఎముక ఖనిజం కాదు. మీడియంలో ఫాస్ఫేట్ ఎక్కువైతే చచ్చిన కణాలపై పేరుకున్న కాల్షియం కూడా అంతే ఎర్రగా ఉంటుంది. కణాలు లేని ప్లేటును, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆస్టియోకాల్సిన్ జన్యువుల కొలతలను పక్కన పెట్టుకోని ఫలితాన్ని నేను ఆమోదించను.

మనిషి ఎముక కావాలంటే తుంటి మార్పిడి శస్త్రచికిత్సలో తీసేసే తొడ ఎముక తల మనకు దొరికే మంచి నమూనా. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి ముందే ఉండాలి. చల్లని మీడియంలో ముంచి, ఐస్ పెట్టెలో పెట్టి, మధ్యాహ్నపు రద్దీలో పంజాగుట్ట నుంచి ఉప్పల్ వైపు తీసుకురావడానికి పట్టే సమయాన్ని కూడా నమోదు చేయాలి, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ ఆ లోపే చెడిపోవడం మొదలవుతుంది. లోపలి జల్లెడ ఎముకను చిన్న ముక్కలుగా కోసి, మూలుగ పోయి ముక్కలు తెల్లబడేదాకా సెలైన్‌తో కడిగి ప్లేటులో ఉంచితే, వారం పది రోజుల్లో ముక్కల అంచుల నుంచి కణాలు బయటకు పాకడం కనిపిస్తుంది. అసలు చిక్కు పోలికలో వస్తుంది. తుంటి విరిగినవారి ఎముకను దేనితో పోల్చాలి? సులువుగా దొరికేది కీలు అరిగిపోయి మార్పిడి చేయించుకున్నవారి ఎముక. అది ఆరోగ్యవంతమైన ఎముక కాదు. కీలు అరిగిన చోట మృదులాస్థి కింది ఎముక దట్టంగా, గట్టిగా మారి ఉంటుంది. దాన్ని మామూలు ఎముకగా భావించి పోల్చిన వ్యాసాల్లో కనిపించే జన్యు తేడాల్లో కొన్ని గుల్లబారడం వల్ల వచ్చినవి, కొన్ని కీళ్ల అరుగుదల వల్ల వచ్చినవి. కీలుకు దూరంగా, తల మధ్యభాగం నుంచి ముక్క తీయడం, వయసూ లింగమూ సరిపోల్చడం కొంత మేలు చేస్తాయి.

వృద్ధాప్యాన్ని ప్లేటులో చూడడం మరింత కష్టం. కణాలను పదే పదే విభజింపజేసి ముసలివి చేయడం సులువే గానీ, ఒకసారి ఎముకలో చిక్కుకున్నాక విభజన మానేసి దశాబ్దాలు బతికే ఆస్టియోసైట్‌కు జరిగేది అది కాదు. వయసుతో విభజన ఆగిపోయి, చుట్టుపక్కల కణాలను చెడగొట్టే పదార్థాలు వెదజల్లే కణాలు ఎముకలో పేరుకుంటాయని, వాటిని తొలగిస్తే ముసలి ఎలుకల ఎముక మెరుగుపడుతుందని 2017లో మేయో క్లినిక్ బృందం చూపించింది. ఆ ఆలోచనతోనే అలాంటి కణాలను తొలగించేందుకు దాసాటినిబ్, క్వెర్సెటిన్ మందులను ముట్లు ఆగిన 60 మంది స్త్రీలలో పరీక్షించి 2024లో ప్రచురించారు; ఇరవై వారాల తర్వాత ఎముక కరిగే సూచికలో మొత్తం మీద తేడా రాలేదు. ఎలుకకూ మనిషికీ మధ్య ఉన్న దూరం అది. ఎలుకకు మన ఎముకల్లో జరిగే తరహాలో గట్టి ఎముక లోపల పునర్నిర్మాణం దాదాపు ఉండదు. దానికి ఈస్ట్రోజెన్ తగ్గకముందే ఎముక తరగడం మొదలవుతుంది. మరో హెచ్చరిక: ముసలి కణాలను గుర్తించడానికి అందరూ వాడే బీటా గెలాక్టోసిడేజ్ నీలి రంగును ఆస్టియోక్లాస్టులు వయసుతో నిమిత్తం లేకుండానే పట్టుకుంటాయి. ఎముకలో ఆ ఒక్క రంగును చూసి వృద్ధాప్యం అని రాయకండి; విభజనను ఆపే పీ16 ప్రోటీన్, టెలోమియర్ల (క్రోమోజోముల చివరల) దగ్గరి డీఎన్‌ఏ నష్టం కూడా చూపించాలి.

కాబట్టి మీ మొదటి ఏడాదిని ఇలా గడపమంటాను. ఎముకల వైద్యులు ఒకరు, వైద్య జన్యుశాస్త్రజ్ఞులు ఒకరు సహ మార్గదర్శకులుగా ఉండే ప్రయోగశాలను ఎంచుకోండి. ఇద్దరిలో ఒక్కరే ఉన్న చోట నమూనాలు ఉండి అర్థం ఉండదు, లేదా అర్థం ఉండి నమూనాలు ఉండవు. కుటుంబాల అధ్యయనం, ఎముక కణాల ప్రయోగాలు అనే రెండు దారులకూ ఒకేసారి ఎథిక్స్ దరఖాస్తు పెట్టండి, ఎందుకంటే అనుమతికి నెలలు పడుతుంది. ఆ సమయంలో రక్తం నుంచి ఆస్టియోక్లాస్టులు తయారుచేయడం ఆరోగ్యవంతుల నమూనాలపై చేతికి పట్టేదాకా నేర్చుకోండి, గణాంక శాస్త్రం కూడా నేర్చుకోండి.

పరిశోధన సంగతి అలా ఉంచి, మీ అమ్మమ్మ గారికి ఎముక అతికిన తర్వాత మందు ఏదైనా ఇచ్చారా అన్నది మీరు రాయలేదు. మన దగ్గర చాలాసార్లు ఆపరేషన్‌తో వైద్యం ఆగిపోతుంది, అది నన్ను బాధించే విషయం. తుంటి విరిగి ఆపరేషన్ అయిన మూడు నెలల్లోపు ఏడాదికొకసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ మొదలుపెట్టినవారిలో కొత్త విరుగుళ్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లో ప్రచురితమైన పరీక్షలో తేలింది. విటమిన్ డి లోపాన్ని సరిచేయకుండా, మూత్రపిండాల పనితీరు చూడకుండా ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. పైన చెప్పిన రక్తపరీక్షలు, నీటిలో ఫ్లోరైడ్ పరీక్ష ఆవిడకూ ఇందుకే అవసరం. మీ అమ్మగారి వయసు యాభై దాటి ఉంటే ఆవిడకు కూడా ఈ పరీక్షలతో పాటు డెక్సా చేయించి, రిపోర్టులు ఎండోక్రైనాలజిస్టుకు చూపించండి.